ఫీనిక్స్ చూపించలేదు, అడిగితే పలికే నాథుడూ లేడు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: డర్బన్ స్టూడెంట్ టూర్ మీద నా ఫిర్యాదును ఐదు వారాలుగా పట్టించుకోకపోవడం

అయ్యా,

మీ సంస్థకు ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ కస్టమర్ కేర్‌కి రాశాను. జవాబు రాలేదు కాబట్టి దీన్ని నేరుగా మీకే పంపుతున్నాను.

మా కాలేజీ చరిత్ర విద్యార్థులు 22 మందితో దక్షిణాఫ్రికా వెళ్ళాం. డర్బన్‌లో మాకున్నది ఒక్క రోజు. మీరిచ్చిన ప్రోగ్రాంలో పొద్దున ఇనాండాలో గాంధీగారు 1904లో పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమం, అక్కడికి దగ్గర్లోనే 1994లో మండేలా ఓటు వేసిన ఓహ్లాంగే బడి, మధ్యాహ్నం అక్కడికి వలస వెళ్ళిన భారతీయుల చరిత్ర చెప్పే మ్యూజియం 1860 హెరిటేజ్ సెంటర్, సాయంత్రం బీచ్ అని ఉంది. గైడు మమ్మల్ని ఒక షాపింగ్ మాల్లో దింపి మూడు గంటలు కనబడలేదు. వచ్చాక మోజెస్ మభీడా స్టేడియం బయటినుంచి చూపించి, బీచ్‌లో కాసేపు తిప్పి, హోటల్‌కి తెచ్చేశాడు. మిగతావేవీ చూడలేదు.

అంతటితో అయిపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. పరాయి ఊరు, అక్కడి ఏజెంటు చేసిన తప్పు అనుకుని సర్దుకునేవాళ్ళం. ఒక్కరు "పొరపాటైంది మాస్టారూ" అని ఉంటే చాలు.

ఆ రాత్రే హోటల్ నుంచి మీ నంబరుకు ఫోన్ చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించాక ఎత్తినమ్మాయి "దుబాయ్ గ్రూపా సార్?" అని రెండుసార్లు అడిగింది. డర్బన్ అని అక్షరం అక్షరం చెప్పాను. 24 గంటల్లో ఫోన్ చేస్తామంది, చేయలేదు. విశాఖ వచ్చాక మీ బ్రాంచికి వెళితే, ఫారిన్ టూర్లు ముంబయి వాళ్ళు చూస్తారన్నారు. ముంబయికి చేస్తే, బుకింగ్ ఎక్కడ జరిగితే అక్కడే అడగమన్నారు. మళ్ళీ బ్రాంచికి వెళ్ళాను. ఈసారి సీట్లో ఇంకొకాయన. మొదటినుంచీ అంతా మళ్ళీ చెప్పించుకుని, కాగితం ముక్క మీద నా నంబరు రాసుకున్నాడు. రెండు రోజులకు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో, ఎవరితో మాట్లాడి పరిష్కరించారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

ఆఖరున మాట్లాడినాయన అన్న మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు. "బీచ్ చూశారు కదా సార్, పిల్లలకి అదే కదా కావాలి" అన్నాడు.

అయ్యా, బీచ్ మాకు విశాఖలో ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మన కూలీల మొదటి ఓడ ట్రూరో చేరింది డర్బన్ రేవుకే. 1911 దాకా లక్షన్నర మందికి పైగా కూలీ ఒప్పందాల మీద అలా డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతం చేరారు. వాళ్ళలో ఎందరో తెలుగువాళ్ళు, చెరకు తోటల్లో చాకిరీ చేసినవాళ్ళు. మా పిల్లల్లో ఒకమ్మాయి ఇంట్లో, పూర్వీకుల్లో ఒకాయన అలా వెళ్ళి మళ్ళీ రాలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరు కాగితం మీద రాసి తెచ్చుకుంది, ఆ సెంటర్‌లో ఎవరినైనా అడగాలని. ఆ కాగితం అలాగే పర్సులో పెట్టుకుని తిరిగొచ్చింది. టూరుకని వాళ్ళ నాన్న అప్పు చేశాడు. ఆయనకు నేనేం చెప్పాలి?

మీ దగ్గర మాకిది మొదటి టూరు కాదు. ఆరేళ్ళుగా హంపి అయినా, శ్రీలంక అయినా మీతోనే వెళ్ళాం. పక్క కాలేజీల వాళ్ళకు మీ పేరు చెప్పింది నేను. ఇప్పుడు వాళ్ళ ముందు తలెత్తుకోలేకపోతున్నాను.

డర్బన్ రోజుకు మా దగ్గర తీసుకున్న డబ్బు పిల్లలకు తిరిగివ్వాలి. అంతకన్నా ముందు, బాధ్యత గల ఒక మనిషి మా కాలేజీకి వచ్చి ఆ 22 మంది ఎదుట జరిగింది చెప్పాలి. ఫారాలు నింపమనే మెసేజ్‌లు ఇక పంపకండి.

15 రోజులు చూస్తాను. అప్పటికీ కబురు లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో సేవా లోపం కింద కేసు వేస్తాను. మీ ప్రోగ్రాం కాగితం, రసీదులు, నేను చేసిన ప్రతి ఫోన్ తేదీ, సమయం రాసిపెట్టుకున్నాను. పిల్లలు సంతకాలు కూడా చేశారు.

ఇట్లు,
చరిత్ర అధ్యాపకుడు,
విశాఖపట్నం