మూడు చీటీలు

జగిత్యాల,
ఆదివారం

బిడ్డా,

మొన్న రాత్రి ఫోన్లో ఒక మాటన్నావు. కొంచెం అనుమానం వచ్చినా స్కాలర్‌షిప్ అప్లికేషన్ పెండింగ్‌లో పెట్టెయ్యి, నీ లాగిన్ సేఫ్, ఏ టెన్షన్ ఉండదు అని మీ సీనియర్ సార్ చెప్పాడన్నావు. నేనప్పుడేమీ అనలేదు. నువ్వు అలిసిపోయి ఉన్నావు. నాకేమో ఫోన్లో మాట సాగదు, సగంలో మీ అమ్మ లాక్కుంటుంది. అందుకే రాస్తున్నా.

మీ సార్ చెడ్డవాడని కాదు. కొత్తలో ఆయనకూ ఎవరో అదే నేర్పి ఉంటారు. నాకూ అదే నేర్పారు.

నేను 1986లో సోషల్ వెల్ఫేర్‌లో జూనియర్ అసిస్టెంట్‌గా చేరాను. స్కాలర్‌షిప్ సెక్షన్ అంటే రెండు బీరువాలు, వాటిమీద ధూళి పట్టిన ఫారాల కట్టలు. ట్రైనింగ్ అంటే పక్క కుర్చీలో కూర్చున్న సీనియర్ ఏం చేస్తే అది చూసి చేయడమే. మొదటి వారం ఆయన చెప్పింది ఇంతే: ఫారం చేతికి రాగానే ఒక లోపం వెతుకు. దొరికిందా, చీటీ రాసి గుచ్చి కాలేజీకి తిప్పి పంపు. రిజిస్టర్లో 'రిటర్న్డ్' అని రాసుకో. ఇక అది నీ పెండింగ్ కాదు. మహా తొందరగా ఒంటబట్టింది నాకు. నెల తిరిగేసరికి సెక్షన్ మొత్తంలో ఖాళీగా కనిపించే టేబుల్ నాదే. దానికి గర్వం కూడానూ.

మా సూపరింటెండెంట్ గారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు సాయంత్రం అందరూ సంచులు సర్దుకుంటుంటే నన్ను ఆగమన్నారు. టేబుల్ మీద ఒకే ఒక్క ఫారం పెట్టారు. గోదావరి ఒడ్డు పల్లె నుంచి వచ్చి ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్లాడిది. పైమూల గుండుసూదికి మూడు చీటీలు, మూడూ నా చేతిరాతే. మొదటిది: ఆదాయ సర్టిఫికెట్ మీద ఎమ్మార్వో ఆఫీసు రౌండ్ సీలు లేదు. రెండు వారాల తర్వాతి తేదీతో రెండోది: పదో తరగతి మెమో కాపీ మీద ప్రిన్సిపల్ అటెస్టేషన్ లేదు. ఇంకో పదిరోజులకు మూడోది: తండ్రి వేలిముద్ర ఉంది, పక్కన సాక్షి సంతకం లేదు.

"ఇవన్నీ మొదటి రోజు నుంచీ ఉన్నవేగా?"

ఉన్నవే.

"మరి ఒకే చీటీలో రాయడానికి సిరా తక్కువైందా?"

నాకు నోట మాట రాలేదు. ప్రతి చీటీకీ ఆ పిల్లాడు రెండు బస్సులు మారి వచ్చి ఫారం ఇచ్చి పోయాడు, ఆ ముఖం నాకు గుర్తు కూడా లేదు. మర్నాడు ఆ ఫారం చేతికిచ్చి నన్నే కాలేజీకి పొమ్మన్నారు. దారి ఖర్చులకు టీఏ బిల్లు పెట్టొద్దన్నారు. ప్రిన్సిపల్ చేయాల్సిన సంతకాలన్నీ చేసి, "ఈ అబ్బాయి దసరా సెలవుల తర్వాత రావట్లేదు" అన్నాడు. మేం ఫారం పాస్ చేశాం. ట్రెజరీలో బిల్లూ పాసైంది. డబ్బు తీసుకోవడానికి మనిషే రాలేదు. ఆ మొత్తాన్ని ప్రభుత్వ ఖాతాకు తిరిగి కట్టే చలానా కూడా నాతోనే రాయించారు.

అంతకుమించి తిట్టలేదు. చాన్నాళ్ళకు ఒకసారి టీ తాగుతూ అంబేడ్కర్ గారి సంగతి ఎత్తారు. 1913లో ఆయన అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన నెలకు 11.50 పౌండ్ల స్కాలర్‌షిప్‌తో. దాని గడువు తీరిపోయి 1917లో, ఆ తర్వాత చేరిన లండన్ చదువు మధ్యలో వదిలేసి రావాల్సి వచ్చింది. మళ్ళీ వెళ్ళగలిగింది 1920లో. "ఆయన కాబట్టి మళ్ళీ వెళ్ళాడు" అని గ్లాసు కింద పెట్టి లేచిపోయారు. 1944లో ఎస్సీ పిల్లలకు పదో తరగతి తర్వాతి చదువుల కోసం పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైనప్పుడు వైస్రాయ్ కౌన్సిల్లో అంబేడ్కర్ సభ్యుడు. నువ్విప్పుడు లాగిన్ అయ్యి చూస్తున్నది ఆ పథకాన్నే.

ఆ తర్వాత నేను మారిపోయానని చెప్పను. కొత్తలో పడిన అలవాటు మనసులో కాదు, చేతిలో ఉంటుంది. పదేళ్ళ తర్వాత కూడా మొదటి లోపం కనబడగానే చెయ్యి చీటీల డబ్బా వైపు పోయేది. చివరి కాగితం దాకా చదివేవరకు పెన్ను మూత తీయకూడదని నాకు నేనే రూలు పెట్టుకున్నా.

రాజశేఖరరెడ్డి గారి హయాంలో ఫీజు రీయింబర్స్‌మెంట్, దాంతోపాటు అప్లికేషన్లు ఆన్‌లైన్లో చూసే ఈపాస్ వచ్చాయి. అప్పటికి నాకు నలభై దాటాయి, మౌస్ పట్టుకోవడం రాదు. నా కొడుకు వయసున్న డేటా ఎంట్రీ అబ్బాయి నేర్పాడు. చీటీల పీడ వదిలిందనుకున్నా. ఎక్కడ వదిలింది! గుండుసూది పోయి బటన్ వచ్చింది, అంతే. పైగా ఎదురుగా పిల్లాడు నిలబడి ఉండడు కాబట్టి నొక్కడం ఇంకా తేలిక.

అనుమానపడొద్దని నేననను. పిల్లలే లేని కాలేజీల లిస్టులు నేనూ చూశాను. అక్కడ ఆపు, కారణం రాసి ఫైలు పైకి పంపు, ఎవరు ఫోన్ చేసినా నోటిమాట మీద కదలకు. సంతకం నీది. కానీ కాలేజీ మీద అనుమానం వేరు, పిల్లల కాగితంలో తప్పు వేరు. రెండో దానికి కాలేజీకి కబురు పంపేటప్పుడు 'సర్టిఫికెట్ సరిగా లేదు' అని రాయకు. 'మెమోలో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది' అని రాయి. ఏ సర్టిఫికెట్ కోసం మీసేవకు పోవాలో అర్థమవ్వాలి కదా. డబ్బు పడలేదని ఎవరైనా వస్తే మొదట బ్యాంకు అడుగు. ఆధార్‌కు చివరగా లింకైన ఖాతాలోకే పోతుంది, పిల్లలేమో పాత పాస్‌బుక్కే చూసుకుంటుంటారు. ఇవి మీ ట్రైనింగ్ క్లాసుల్లో చెప్పారో లేదో.

నిధులు రాక బకాయిలు పెరిగితే, కాలేజీ వాళ్ళు పిల్లల సర్టిఫికెట్లు ఆపితే, ఆ కోపమంతా నీ టేబుల్ దగ్గరికే వస్తుంది. అది నీ చేతిలో లేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టు, ఫైలు ఎక్కడుందో ఉన్నదున్నట్టు చెప్పు.

మీ సార్‌తో వాదన పెట్టుకోకు, పని మాత్రం ఆయన దగ్గర నేర్చుకో. బడ్జెట్ లెక్కలు ఆయనకు బాగా వచ్చని నువ్వే అన్నావు.

అమ్మ సకినాలు చేసింది, శనివారం వస్తే పట్టుకెళ్ళు, లేదంటే బస్సులో వేయిస్తాను. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒకటి చెప్పు. నీ లాగిన్లో పెండింగ్ ఎన్ని ఉన్నాయి, అందులో చివరి కాగితం దాకా నువ్వు చదివినవి ఎన్ని?

మీ బాపు