పుస్తకం మూసి చెప్పమంటున్నాం, ఎందుకంటే…

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

"రోజూ స్లిప్ టెస్టే, మార్కులు మాత్రం వెయ్యరు" అని పిల్లలు ఇంట్లో అంటూ ఉండవచ్చు. నిజమే. ఆరు నుంచి పదో తరగతి వరకు ప్రతి పీరియడ్‌లో మొదటి ఐదు నిమిషాలు పుస్తకాలు మూయించి నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాం. రెండు నిన్నటి పాఠంలోవి, ఒకటి పోయిన వారంది, ఒకటి పోయిన నెలది. జవాబులు పిల్లలే దిద్దుకుంటారు. రిజిస్టర్‌లో ఎక్కించం. మార్కు పెట్టగానే పక్కవాడి కాగితం మీదికి చూపు పోతుంది. ఆ తర్వాత ఎవరికి ఏం గుర్తుందో మాకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు.

అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కాలేజీ విద్యార్థులకు రెండు చిన్న వ్యాసాలిచ్చి చదివించారు. తర్వాత ఒకదాన్ని మళ్ళీ చదివించారు, రెండోదాన్ని చూడకుండా గుర్తున్నంత రాయించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివిందే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది: చూడకుండా రాసినదాంట్లో 56 శాతం నిలిచింది, రెండుసార్లు చదివినదాంట్లో 42 శాతం. పరీక్ష ముందురోజు రాత్రి "అంతా వచ్చేసింది" అన్న బిడ్డ హాల్లో తెల్లమొహం వెయ్యడానికి కారణం చాలావరకు ఇక్కడే ఉంది. నాలుగుసార్లు చదివిన పేజీ కంటికి అలవాటైపోతుంది. ఆ అలవాటునే పిల్లలు రావడం అనుకుంటారు.

ఇది బట్టీ కాదా అని కొందరు అడిగారు. మంచి ప్రశ్న. ఎక్కాలు అప్పజెప్పించుకునే మన పాత పద్ధతిలో చూడకుండా చెప్పించడమనే బలం ఉంది. లోపమల్లా వరసే. ఏడో ఎక్కం గడగడా చెప్పిన పిల్లను "ఏడెనిమిదులెంత?" అని విడిగా అడిగితే, మళ్ళీ మొదటినుంచి లోపల చదువుకుంటూ వస్తుంది. అందుకే వరస తప్పించి అడుగుతాం, నాలుగో ప్రశ్న ఎప్పుడూ "ఎందుకు?" అనే ఉంటుంది.

ఇంట్లో చెయ్యాల్సింది ఒక పెట్టె. చెప్పుల అట్టపెట్టె సరిపోతుంది. మధ్యలో రెండు అట్టముక్కలు నిలబెట్టి మూడు గదులు చెయ్యండి. పాత శుభలేఖల అట్టను అరచేయంత ముక్కలుగా కోయండి. ఒకవైపు ప్రశ్న, రెండోవైపు ఒక్క వాక్యంలో జవాబు. మొదటి గది రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి తీయాలి. జవాబు వస్తే కార్డు తర్వాతి గదిలోకి, రాకపోతే ఏ గదిలో ఉన్నా మళ్ళీ మొదటిదాంట్లోకి. రోజుకు ఐదు కొత్త కార్డులు మించవద్దు. సాధారణంగా చెడేది మూడుచోట్ల. జవాబు పైకి చెప్పకముందే కార్డు తిప్పేస్తారు. కార్డు మీద పేరా మొత్తం ఎక్కిస్తారు. లేదా పక్కన కూర్చున్న పెద్దవాళ్ళు మొదటి మాట అందించేస్తారు. దయచేసి అందించకండి. పది సెకన్లు ఊరుకోండి. ఆ తడుముకోవడంలోనే పని జరుగుతోంది.

ఇక డిజిటల్ బోర్డు సంగతి. ఏడో తరగతి విద్యుత్తు పాఠాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. రెండు బల్బులను ఒకదాని వెనక ఒకటి కలిపితే మొదటిదే ఎక్కువ వెలుగుతుందని చాలామంది పిల్లలు గట్టిగా నమ్ముతారు. కరెంటును మొదటి బల్బు కొంత తినేస్తుందని వాళ్ళ ఊహ. నేరుగా వీడియో చూపిస్తే తలలూపి, అదే నమ్మకంతో ఇంటికి పోతారు. అందుకే ముందు ఎవరి ఊహ వాళ్ళు పెన్నుతో రాయాలి, కారణంతో సహా. చెరపడానికి వీల్లేదు. తర్వాత నలుగురికొక సెట్టు ఇస్తాం: ఒకటిన్నర వోల్టుల సెల్స్ మూడు, ఒకే రకం టార్చి బల్బులు రెండు, తీగలు. తీగ చివర సెంటీమీటరు మేర ప్లాస్టిక్ ఒలవకపోతే బల్బు వెలగదు. రెండు తీగలూ బల్బు అడుగు మొనకే ఆనించినా వెలగదు. ఒకటి మొనకు, ఒకటి పక్కనున్న లోహపు అంచుకు తగలాలి.

అసలు చిక్కు ఇంకొకటి. ఒకే రకం బల్బులైనా చిన్న తేడాతో వెలుగుతాయి. రెండోది కాస్త మసకగా ఉందా, "చూశారా, చెప్పాం కదా!" అంటారు. అప్పుడు బల్బుల స్థానాలు మార్పిస్తాం. మసక బల్బు ముందుకొచ్చినా మసకగానే ఉంటుంది. తరగతి ఒక్కసారి నిశ్శబ్దమయ్యే క్షణం అది. అప్పుడే బోర్డు మీద కొలరాడో విశ్వవిద్యాలయంవారి ఫెట్ సిమ్యులేషన్ (ప్రయోగాన్ని తెర మీదే చేసి చూసే ప్రోగ్రాం) తెరుస్తాం. అందులో 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓముల నిరోధం ఉన్న బల్బులు రెండు వరసగా కలిపి, కరెంటును కొలిచే అమ్మీటరు పెడితే మొదటి బల్బు ముందు, రెండింటి మధ్య, చివర కూడా 0.45 ఆంపియర్లే. అంటే మొదటి బల్బు కరెంటును తినెయ్యలేదు. ఒక బల్బు తీసి తీగ కలిపేస్తే 0.90. తీగలో ఎలక్ట్రాన్లు కదలడం నిజం బల్బు చూపించలేదు, తెర చూపిస్తుంది. వేలికి తగిలే వదులు తీగ తెరలో ఉండదు. రెండూ కావాలి, ఈ వరసలోనే కావాలి.

వీడియోలను తరగతిలో నాలుగు నిమిషాలకు మించి ఆపకుండా నడపం. తెర మీద వాక్యాలు పెట్టి టీచరు అవే చదవడం కూడా మానేశాం. కళ్ళు ఒక వేగంతో, చెవులు మరో వేగంతో అవే మాటల వెంట పరిగెడితే ఆలోచనకు చోటుండదు. బొమ్మ తెర మీద, మాట టీచరు నోట. అంతే.

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాతో ఇంట్లో స్కాన్ చేయించేటప్పుడు ఇదే క్రమం. ముందు ఆ పాఠంలో గుర్తున్నవి ఐదు ముక్కలు నోట్సులో రాయాలి, తర్వాత వీడియో, ఆపైన ఫోన్ పక్కన పెట్టి తప్పిపోయినవి వేరే రంగు పెన్నుతో చేర్చాలి. ఆ రంగే మాకు ముఖ్యం. ఇంటర్నెట్ లేకపోతే బెంగపడకండి, పుస్తకంలోని బొమ్మతోనూ ఇది చెయ్యవచ్చు.

ప్రతి శనివారం పెట్టెను బడికి పంపండి. మొదటి గదిలో కార్డులు ముప్పై దాటితే ఆ వారం కొత్తవి ఆపించి, కార్డుల ప్రశ్నలు సరిగ్గా రాశారో లేదో క్లాస్ టీచరు చూస్తారు. మూడో గది నిండితే ఆ కట్టకు రబ్బరు బ్యాండు వేసి దాచండి. వార్షిక పరీక్షల ముందు అవే మళ్ళీ అడుగుతాం.

మీ
ప్రధానోపాధ్యాయులు