ఎర్ర తాడు మణికట్టుకి కట్టుకో

గోపాలపూర్

చిరంజీవి చిన్నోడికి మీ నాన్న దీవించి రాయడం ఏమనగా,

ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. చెల్లి బరంపురంలో పరీక్షలని పుస్తకం వదలడం లేదు. ఉత్తరపు గాలి తిరిగింది, పొద్దున్నే మన బోటు మోటార్ల షెడ్డులో ఇనుము ముట్టుకుంటే జిల్లుమంటోంది. అక్కడ నీళ్ల మీద ఇంకా చలిగా ఉంటుంది, చెవులకి మఫ్లరు కట్టుకో. ఫోను మోగుతోంది గాని నువ్వు ఎత్తడం లేదు. సంక్రాంతి దగ్గర పడింది కదా, సాతపడాలో చిలికా డాల్ఫిన్లు చూడ్డానికొచ్చే జనాన్ని బోటులో తిప్పే రద్దీలో ఉండి ఉంటావు.

పెద్ద మావ కొడుకు జన్హికుడా రేవు దాటి సాతపడా మీదుగా పూరీ వెళ్తున్నాడు. వాడి చేత కొన్ని సామాన్లు, ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, కాగితం మీదైతే టూల్ పెట్టెలో పెట్టుకుని చూసుకుంటావు.

ఇంకో మాట. మొన్న చేపల వేలం దగ్గర పెంటకోట వాళ్లు ఏదో అన్నారట. సాతపడాలో మన తెలుగు కుర్రోడొకడు నడిచే బోటులోంచి జారి నీళ్లలో పడ్డాడని, బోటు వాడి చుట్టూ తిరిగిందని. పేరు చెప్పలేదట. ఆ మాట విన్న కాడి నుంచీ మీ అమ్మ ప్రతి ఫోనుకీ ఉలిక్కిపడుతోంది. నువ్వు కాదనే అనుకుంటున్నాను. అది అలా ఉంచు.

తాబేళ్ల కోసం చేపల వేట నిషేధం కదా, నవంబరు 1 నుంచి మే 31 దాకా రుషికుల్య మొగ చుట్టూ 20 కిలోమీటర్ల లోపు వేటకి వెళ్లకూడదు. అంచేత అటువైపు వాళ్ల మోటార్లు చాలావరకు మన షెడ్డుకే వచ్చాయి. విప్పి చూస్తే సగం జబ్బులు ఉప్పు వల్ల, ఇసక వల్ల వచ్చినవే. చిలికాలో ఇసక తక్కువ, నాచు ఎక్కువ. ఆ నాచు గురించే నీకు ముందు చెప్పాలి.

మోటారు స్టార్టయిన కొన్ని సెకన్లలో వెనక చిన్న రంధ్రంలోంచి నీళ్ల ధార రావాలి. ఆ ధార మీద ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచు. ధార సన్నబడినా, ఆవిరిలా చిమ్మినా వెంటనే ఆపు. మోటారు ఎత్తి, గేరు పెట్టె పక్కనున్న నీళ్ల జాలీ చూడు. నాచో, కుర్‌కురే కవరో అతుక్కుని ఉంటుంది. నాచు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటే ముందు న్యూట్రల్‌కి తెచ్చి, నెమ్మదిగా రివర్సు వేసి కొంచెం తిప్పితే చాలాసార్లు విడిపోతుంది. విడిపోకపోతే మోటారు ఆపి, మోటారుని ఆపే కిల్ స్విచ్ క్లిప్పు తీసి జేబులో వేసుకుని, ప్లగ్గు తీగ కూడా ఊడదీసి, అప్పుడే చెయ్యి పెట్టు. గేరులో ఉంటే ప్రొపెల్లర్ చేత్తో తిప్పితే ఇంజను కూడా తిరుగుతుంది. క్లిప్పు, తీగ ఉండగా అది ఒక్కసారి అంటుకుందంటే వేళ్లు ఉండవు.

లోతు తక్కువ చోట మోటారు కొంచెం ఎత్తి నడిపే మెట్టు ఉంది కదా. ఆ మెట్టులో నీళ్ల జాలీ నీళ్లలోనే మునిగి ఉందో లేదో చూసుకో. అలా ఎత్తి ఉంచినప్పుడు గట్టిగా రివర్సు వెయ్యకు. రివర్సు లాకు పట్టదు, మోటారు పైకి లేచిపోతుంది. లేచినప్పుడు నువ్వు వెనక్కి వాలి ఉన్నావంటే బోటులో ఉండవు. ఆ పెంటకోట వాళ్లు చెప్పిన కుర్రోడు అలాగే పడ్డాడో, నిలబడి నడుపుతున్నాడో తెలీదు. నువ్వు మాత్రం నిలబడి నడపకు. జనం ఫొటోలు తీసుకుందామని ఒక పక్కకి ఒరిగినా కూర్చోమని గట్టిగా చెప్పు, మొహమాటపడకు.

ఇంపెల్లర్, అదే నీళ్ల పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం, ఒకటి పంపుతున్నాను. ఎండాకాలం వచ్చేలోపు మార్చెయ్యి. మార్చేటప్పుడు సోనాపూర్ మావ మోటారు సంగతి గుర్తుంచుకో. నువ్వప్పుడు అత్త పెళ్లి పనుల్లో ఉన్నావు, పూర్తిగా చూడలేదు.

బహుదా మొగ దగ్గర ఇసక మేట వేసిందని తెలిసీ మావ రోజూ దాని మీంచే వెళ్లేవాడు. ప్రొపెల్లర్ లేపిన ఇసక నీళ్ల పంపులోకి వెళ్లి ఇంపెల్లర్ రబ్బరు రెక్కల్ని అరగదీసింది. నీళ్ల ధార సన్నబడింది. ధార వచ్చే రంధ్రం మూసుకుందేమోనని తీగతో పొడిచారు. తీగకి ఉప్పు పెళ్ల తగిలింది, ధార కాస్త పెరిగింది, అంతే అనుకున్నారు. కొన్నాళ్లకి ధార మొత్తానికి ఆగిపోయింది. బజారులో ఒక మెకానిక్కు కొత్త ఇంపెల్లర్ వేసి ఇచ్చాడు. ధార జోరుగా వచ్చింది. మావ సంతోషించి మళ్లీ వేటకి వెళ్లాడు. తిరిగొస్తుంటే మోటారు వేగం తనంతట తనే తగ్గింది, పైమూత కింద నుంచి రంగు కాలిన వాసన వచ్చింది, తరవాత పట్టేసింది. స్టార్టు తాడు లాగితే కదల్లేదు. గాలికి కొట్టుకుపోతుంటే ఇంకో బోటు వాళ్లు కట్టి తెచ్చారు.

మన షెడ్డులో హెడ్డు విప్పాం. పిస్టను పక్కన గీతలు, రింగు ఒకటి కరుచుకుపోయింది. కొత్త ఇంపెల్లర్ చూస్తే చెక్కు చెదరలేదు! మరి నీళ్లు ఎందుకు రాలేదు? మావ అదృష్టం కొద్దీ ఆ పాత ఇంపెల్లర్ డబ్బాలోనే ఉంది. చూస్తే ఆరు రెక్కలకి నాలుగే ఉన్నాయి. మిగతా రెండు ముక్కలు ఎక్కడికి పోతాయి? పంపు పైనుంచి ఇంజను దాకా వెళ్లే నీళ్ల గొట్టంలో ఒకటి, థర్మోస్టాట్ మూత కింద ఒకటి దొరికాయి. గొట్టంలోని ముక్క మోటారు నెమ్మదిగా తిరిగినప్పుడు పక్కకి ఒరిగి నీళ్లని వదిలేది. వేగం పెంచితే నీళ్ల తోపుకి లేచి అడ్డం పడేది. అందుకే ఒడ్డున పరీక్షిస్తే బాగుంది, సముద్రంలో పట్టేసింది. కొత్త ఇంపెల్లర్ వేసినవాడు పాతదాని ముక్కలు లెక్కపెట్టి ఉంటే సరిపోయేది. పగిలిన కుండ పెంకులు పేర్చినట్టు పాత రెక్కలన్నీ పేర్చి చూసుకోవాలి. ఒక్క ముక్క తక్కువైనా అది మోటారులోనే ఉందని అర్థం, దొరికేదాకా మూత బిగించకూడదు.

నువ్వు మార్చేటప్పుడు ఇది కూడా చూడు. పంపు పెట్టెలో స్టీలు గిన్నె, కింద పలక ఉంటాయి. వాటి మీద గోరు గీస్తే గీతకి గోరు తట్టుకుందంటే అవీ మార్చాలి, లేకపోతే కొత్త రెక్కలూ త్వరగా అరిగిపోతాయి. షాఫ్టు పక్కన చిన్న ఇనప కీ ఉంటుంది, అది ఇసకలో పడితే వెతుక్కోలేవు, కింద గుడ్డ పరిచి విప్పు. ఇంపెల్లర్‌కి సబ్బునీళ్లు రాసి, గిన్నె కిందికి దించుతూ షాఫ్టుని పైనుంచి చూస్తే గడియారం తిరిగే వైపు తిప్పు. రెక్కలు తిరిగే వైపుకి ఎదురుగా, వెనక్కి ఒరగాలి. షాఫ్టు పళ్లకి గ్రీజు రాయి గాని పైకొసకి రాయకు, అక్కడ గ్రీజు ఉంటే షాఫ్టు పూర్తిగా దిగదు. నీళ్ల గొట్టం రబ్బరు వాషర్‌లోకి సూటిగా దిగిందో లేదో చూసి, అప్పుడు బోల్టులు బిగించు. నీళ్లు లేకుండా మోటారు ఎప్పుడూ స్టార్టు చెయ్యకు. నీళ్లే ఆ రబ్బరుకి నూనె. పొడిగా అర నిమిషం తిరిగినా రెక్కలు మాడిపోతాయి.

పెట్రోలు సంగతి. లీటరుకి 20 మిల్లీలీటర్ల ఆయిలు, 25 లీటర్ల టాంకుకి అర లీటరు. కొలిచే సీసాతో పొయ్యి, అంచనాగా కాదు. ఆయిలు తగ్గితే పిస్టను పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు నల్లగా తడిసిపోతుంది. ఆటోలకి వాడే టూటీ ఆయిలు చవగ్గా వస్తుందని ఎవరైనా చెబితే వినకు. అది గాలికి చల్లబడే ఇంజన్లకి, దానిలో బూడిద మిగిల్చే మందులుంటాయి. నీళ్లతో చల్లబడే మోటారుకి టీసీ డబ్ల్యూ త్రీ అని రాసి ఉన్నదే కావాలి. ఇప్పుడు బంకులో వచ్చే పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, అది గాలిలోని తేమని పీలుస్తుంది. తేమ ఎక్కువైతే ఇథనాలు, నీళ్లు కలిసి అడుక్కి దిగిపోతాయి, మోటారు ఆ అడుగుదే పీలుస్తుంది. కాబట్టి వారానికి సరిపడా మాత్రమే కలుపుకో, నెలల నాటి పెట్రోలు వాడకు. గొట్టం మధ్యలో నీళ్లు వేరుచేసే ఫిల్టరు పెట్టుకుంటే ఇంకా మంచిది.

టాంకు ఒడ్డునే నింపు, బోటులో నింపకు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, బోటు అడుగున కూర్చుంటుంది. ఎవడో బీడీ వెలిగిస్తే చాలు. పూర్తిగా నిండా పొయ్యకు, ఎండకి పొంగుతుంది, పైన పదోవంతు ఖాళీ ఉంచు. బయల్దేరేముందు టాంకు మూత మీది గాలి స్క్రూ తెరవడం మరిచిపోకు. తెరవకపోతే కాసేపు బాగానే నడిచి, టాంకులో గాలి లేక నట్టనడి నీళ్లలో ఆగిపోతుంది. అప్పుడు జనం కంగారుపడతారు, నువ్వు లేచి నిలబడి తాడు లాగుతావు. అలాగే పడిపోతారు.

ఇక్కడికొచ్చాను కాబట్టి చెబుతున్నాను. కిల్ స్విచ్ ఎర్ర తాడు మణికట్టుకి కట్టుకుంటున్నావా? లేక హ్యాండిలుకి చుట్టి వదిలేస్తున్నావా? పోయిన దసరాకి నువ్వు వచ్చినప్పుడు నీ సంచిలో ఆ తాడు ముడి విప్పకుండా కొత్తగానే ఉందని మీ అమ్మ చెప్పింది. చెయ్యి వదిలేస్తే హ్యాండిలు ఒక పక్కకి తిరిగిపోతుంది, బోటు ఆ చోటే గుండ్రంగా తిరిగి పడ్డవాడి మీదికే వస్తుంది. ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతుంటే ప్రొపెల్లర్ సుమారు అందులో సగం, అంటే సెకనుకి 40 చుట్లు. ఈత రావడం దానికి అడ్డు కాదు బాబూ. నీకు ఈత బాగా వచ్చని నాకు తెలుసు.

రోజూ మొదటిసారి స్టార్టు చెయ్యగానే ఈ ఎర్ర తాడు లాగి చూడు. మోటారు ఆగిందా సరే, ఆగకపోతే ఆ రోజు జనాన్ని ఎక్కించకు. ఇంకో క్లిప్పు బోటులోనే చేతికందేలా కట్టి ఉంచు. నువ్వు క్లిప్పుతో సహా నీళ్లలో పడితే, బోటులో మిగిలినవాళ్లు స్టార్టు చేసి నీ దగ్గరికి రావాలంటే అది ఉండాలి. తిరిగి ఎక్కించేటప్పుడు న్యూట్రల్ చాలదు, మోటారు పూర్తిగా ఆపాలి. న్యూట్రల్‌లోనూ ప్రొపెల్లర్ కొంచెం కొంచెం తిరుగుతూనే ఉంటుంది. మగరముఖ్ దగ్గర డాల్ఫిన్లు లేచినప్పుడూ అంతే, వాటి వెంట తరమకు. దూరంగా ఆపి చూపించు, వాటి ఒళ్లుకీ ప్రొపెల్లర్ అంతే.

మోటారుని బోటుకి పట్టి ఉంచే బిగింపు స్క్రూలు రెండూ చేత్తో గట్టిగా బిగించి, పావుగంట నడిచాక మళ్లీ ఒకసారి చూడు. గొలుసు కూడా బోటుకి వెయ్యి. నెలకోసారి ప్రొపెల్లర్ తీసి దాని వెనక వల దారం చుట్టుకుందేమో చూడు. సన్నటి నైలాన్ దారం సీలుని కోసేస్తుంది, గేరు పెట్టెలోకి నీళ్లు పోతాయి. కింది స్క్రూ కొంచెం వదులు చేసి చూస్తే తెలుస్తుంది. నూనె పాలు కలిపినట్టు తెల్లగా వస్తే సీలు పోయింది. కొత్త గేర్ ఆయిలు కింది రంధ్రం నుంచే నింపు, పైరంధ్రంలోంచి కారేదాకా. ముందు పైది బిగించి, తరవాత కిందది. సాయంత్రం మంచినీళ్ల డ్రమ్ములో పది నిమిషాలు నడిపి, పెట్రోలు గొట్టం ఊడదీసి దానంతటది ఆగేదాకా ఉండు. కార్బొరేటర్‌లో ఏమీ మిగలకూడదు. మోటారుకి బదులు తాను తుప్పుకి అరిగే జింకు ముక్క సగం కరిగిపోతే మార్చు, దానికి రంగు వెయ్యకు.

ఒకవేళ మోటారు మునిగితే ఇంటికి ఫోను చెయ్యి, ఎంత రాత్రైనా. అప్పటిదాకా స్టార్టు తాడు లాగకు. మంచినీళ్లతో కడిగి, ప్లగ్గులు తీసి నీళ్లు కారనిచ్చి, కార్బొరేటర్ దించు. లోపల ఇసక ఉన్నట్టనిపించినా, నడుస్తూ నడుస్తూ మునిగినా బలవంతంగా తిప్పకూడదు. వెంటనే విప్పేవాళ్లు దొరక్కపోతే మోటారుని మంచినీళ్ల తొట్టిలో ముంచే ఉంచు. గాలి తగిలితేనే తుప్పు పడుతుంది.

పడ్డది నువ్వైనా నేను తిట్టను. దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పు, అంతే. కాలైతే పెద్ద మావ కొడుకుతో బరంపురం వచ్చెయ్యి. నువ్వు కాకపోతే ఆ కుర్రోడు ఎవరో, ఎలా ఉన్నాడో కనుక్కుని రాయి. వాళ్లమ్మ కూడా ఎక్కడో ఉంటుంది కదా.

సంచిలో ఇంపెల్లర్ ఒకటి, కాటర్ పిన్నులు ఓ గుప్పెడు, రెండు ప్లగ్గులు, ఆయిలు కొలిచే సీసా, ఎర్ర తాడు క్లిప్పులతో సహా రెండు ఉన్నాయి. ఎండు నెత్తళ్లు మీ అమ్మ విడిగా గుడ్డలో కట్టింది. వాటిని పెట్రోలు టాంకు పక్కన పెట్టకు, వాసన పట్టేస్తే తినలేవు. ఉప్పు ఎక్కువేసింది, నానబెట్టి వండుకో.

మీ నాన్న