నలభై దాటినవారి ఇంటర్వ్యూ సన్నాహం వేరు

సంపాదకులకు నమస్కారం.

మన దినపత్రికల విద్యా పేజీల్లో ఇంటర్వ్యూల గురించి వచ్చే వ్యాసాలు దాదాపు అన్నీ అప్పుడే డిగ్రీ పూర్తిచేసినవారిని ఉద్దేశించినవే. రెండు దశాబ్దాలు ఒక రంగంలో పనిచేసి, నలభై దాటాక మరో రంగంలోకి వెళ్లాలనుకునేవారికి వాటిలో పనికొచ్చేది చాలా తక్కువ. బెంగళూరు పీణ్యా, బొమ్మసంద్ర పారిశ్రామికవాడల్లో ఇలాంటి ఆలోచనలో ఉన్న తెలుగువారు ఎందరో ఉన్నారు. పీణ్యాలోని ఒక యంత్రభాగాల కర్మాగారంలో స్టోర్స్ చూసుకుని, నలభై ఏడేళ్ల వయసులో ఒక ఆసుపత్రి మందుల స్టోర్స్‌లో చేరినవాడిని కనుక ఈ విషయమై నాలుగు మాటలు రాస్తున్నాను.

కుర్రవాళ్లు తాము ఏం నేర్చుకోగలరో చెప్పుకుంటే సరిపోతుంది. మనం మాత్రం చేసిన పని అవతలివారికి ఎలా పనికొస్తుందో వారి భాషలో చెప్పాలి. ‘ఇరవై ఏళ్ల అనుభవం ఉందండీ’ అంటే ఎదుట కూర్చున్నవారికి వినబడేది మన వయసే. అందుకే నేను కర్మాగారంలో జరిగిన సంఘటనలు కొన్ని ఏరుకుని, ఒక్కొక్కదానికీ సమస్య ఏమిటి, నేను చేసిందేమిటి, ఫలితం ఏమిటి అని కాగితం మీద పెట్టుకున్నాను. రాత్రి షిఫ్టులో చీటీ మీద సరుకు ఇచ్చేసి, తెల్లారాక కంప్యూటర్లో ఎక్కించడం మరిచిపోవడం వల్ల లెక్కకూ నిల్వకూ పొంతన ఉండేది కాదు. షిఫ్టు మారేలోగా చీటీలన్నీ ఎక్కించి ఇద్దరూ సంతకాలు చేసి తీరాలన్న పద్ధతి పెట్టాక ఆ తేడా తగ్గింది. ఆసుపత్రిలో అర్ధరాత్రి అత్యవసర విభాగానికి మందులిచ్చేటప్పుడు వచ్చే చిక్కూ ఇదే కనుక, ఇంటర్వ్యూ చేసినవారు ఆ విషయం మీదే చాలాసేపు ప్రశ్నలడిగారు.

కొత్త రంగంలో ఏం తేడాగా ఉంటుందో కూడా ముందే తెలుసుకుని వెళ్లాలి. కర్మాగారపు స్టోర్స్‌లో ముందు వచ్చిన సరుకు ముందు పోవాలి. మందుల దగ్గరైతే, ఎప్పుడొచ్చినా సరే, ముందు గడువు ముగిసేది ముందు పోవాలి. వాడకానికి ముందు ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిల్వ ఉంచాలి. మార్ఫిన్ వంటివి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి కనుక వాటి లెక్క వేరు, తాళం వేరు. ఇవేవీ పెద్ద చదువు కావు; మందుల దుకాణం నడిపే బంధువు ఒకరి దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చుంటే తెలిసే సంగతులే.

ఇక తప్పకుండా ఎదురయ్యే ప్రశ్నలు మూడు: ఈ వయసులో ఎందుకు మారుతున్నారు, మీకంటే చిన్నవారి కింద పనిచేయగలరా, జీతం తగ్గితే ఒప్పుకుంటారా. మొదటిదానికి పాత సంస్థ మీద ఫిర్యాదులు ఏకరువు పెట్టకుండా రెండు వాక్యాల్లో ముగించాలి. రెండోదానికి ‘చేయగలను’ అన్న హామీ కన్నా, చిన్నవారి దగ్గర పని నేర్చుకున్న సందర్భం ఒకటి చెబితే నమ్ముతారు. మూడోదానికి జవాబు ఇంట్లోనే తేలాలి: అద్దె, పిల్లల ఫీజులు, అప్పుల వాయిదాలు భార్యాభర్తలు కూర్చుని లెక్కవేసి, ఎంతకు తగ్గకూడదో ముందే నిర్ణయించుకోవాలి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఈ జవాబులను ఇంగ్లీషులో పైకి చెబుతూ ఫోన్‌లో రికార్డు చేసుకుని వినాలి. మనసులో అనుకున్న వాక్యం వేరు, నోట వచ్చే వాక్యం వేరు. కన్నడం వస్తే ఆ మాట దరఖాస్తులోనే రాయాలి. కింది సిబ్బందితో పని నడిచేది ఎక్కువగా ఆ భాషలోనే.

పాత సంస్థ ఇచ్చిన రిలీవింగ్ లెటర్‌లోని తేదీలు, భవిష్యనిధి ఖాతాలోని తేదీలు దరఖాస్తుతో సరిపోవాలి. ఉద్యోగం మారుతున్నాం కదా అని ఆ సొమ్ము తీసేసుకోకుండా పాత ఖాతాను కొత్తదానికి బదిలీ చేయించుకోవడం మంచిది. పింఛను పథకంలో ఉన్నవారికి నెలనెలా పింఛను రావాలంటే కనీసం 10 ఏళ్ల సర్వీసు అవసరం.

ఎంత సిద్ధమైనా, ‘వయసు 35 లోపు’ అన్న ప్రకటన దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. అమెరికాలో 40 దాటినవారికి ఉద్యోగాల్లో వయోవివక్ష నుంచి రక్షణ కల్పిస్తూ 1967లోనే చట్టం చేశారు. మన రాజ్యాంగం 16వ అధికరణ మాట్లాడేది ప్రభుత్వ ఉద్యోగాల గురించి; అందులో పేర్కొన్న వివక్షల్లోనూ వయసు లేదు. బరువులెత్తే పనికి వయసు అడిగితే అర్థముంది, లెక్కలు చూసే పనికి ఎందుకో ప్రకటన ఇచ్చేవారే చెప్పాలి. అలాంటి ప్రకటనలను అచ్చువేసే పత్రికలు కూడా ఆ మాట ఒకసారి అడగవచ్చని నా అభిప్రాయం.

మారతహళ్లిలో వీధికొకటిగా ఉన్న శిక్షణ సంస్థలు సాఫ్ట్‌వేర్ కుర్రవాళ్లకు నమూనా ఇంటర్వ్యూలు పెడుతున్నాయి, మనబోటివారిని అవి లెక్కలో వేసుకోవు. వయ్యాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వంటి సంస్థలు నెలకొక ఆదివారం విశ్రాంత అధికారులను కూర్చోబెట్టి ఆ పని చేయిస్తే ఖర్చు పెద్దగా ఉండదు. మీ పత్రిక కూడా విద్యా పేజీలో కాస్త చోటు మాకు కేటాయించాలని కోరుతున్నాను. స్టోర్స్, కొనుగోళ్ల విభాగాలకు ప్రయత్నించేవారిని ప్రశ్నలడగడానికి నేను వస్తాను.

— ఒక పాఠకుడు, యశవంతపుర, బెంగళూరు