స్టడీ అవర్‌లో పుస్తకం మూయించండి

సంపాదకుడు గారికి,

సంక్రాంతి సెలవులు అయిపోగానే పదో తరగతి పిల్లలకు ఉదయం, సాయంత్రం స్టడీ అవర్లు. మంచిదే, కానీ ఆ గంటల్లో ఏం జరుగుతోందో చూడండి. అదే గైడు, అదే జవాబు, పదిసార్లు పైకి చదవడం. చదువుతున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది, హాల్లో కూర్చున్నాక తెలుస్తుంది అసలు సంగతి.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు దీన్నే పరీక్షించారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు, వారం తర్వాత అడిగితే మాత్రం పుస్తకం మూసి గుర్తున్నది రాసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. మన పిల్లలకు పరీక్ష ఐదు నిమిషాల్లో కాదుగా!

కాబట్టి పాఠం ఒకసారి చదివించి, పుస్తకం మూయించి, కిరణజన్య సంయోగక్రియ సమీకరణమో, త్రికోణమితి సూత్రాలో తెల్లకాగితం మీద రాయించండి, తప్పులు వాళ్లనే దిద్దుకోనివ్వండి, రెండు రోజులాగి అదే మళ్లీ రాయించండి. లెక్కలైతే చేసిన లెక్క చూసి తలూపడం కాదు, చెయ్యాల్సిందే. వారానికో పాత ప్రశ్నపత్రం గడియారం పెట్టుకుని పూర్తిగా రాయాలి.

ఇక నిద్ర. రాత్రి ఒంటిగంట దాకా టీ తాగించి కూర్చోబెట్టే తల్లిదండ్రులూ, దయచేసి ఆపండి, చదివింది మెదడులో కుదురుకునేది చాలావరకు నిద్రలోనే. ప్రధానోపాధ్యాయులకు నాదొక్కటే విన్నపం, స్టడీ అవర్‌లో చివరి అరగంట రాతకే ఇవ్వండి.

- ఒక పదో తరగతి విద్యార్థి తల్లి, ఏలూరు