కిటికీ ఉన్న గది ఒక్కటే

చిరంజీవి చిట్టితల్లికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఫోను చేసి 22 రోజులైంది. పరీక్షలని అమ్మకు చెబుతున్నాను. ఈ ఉత్తరం మాత్రం స్కాట్లండులోని డండీ నుంచి నువ్వు పంపిన, ఆ ఊరి 1881 జనాభా లెక్కల పుట గురించే.

బుజ్జిగాడి చేత దానిని పెద్దక్షరాలలో తీయించి మూడు రోజులుగా చదువుతున్నాను. ఇంటి పెద్ద 44 ఏళ్ళ వితంతువు, జనపనార వడికే పని. 19, 16 ఏళ్ళ కూతుళ్ళిద్దరూ మిల్లులో నేతపని. 11 ఏళ్ళ కొడుకు బడిపిల్లవాడు. చివరి వరుసలో ఐర్లండులో పుట్టిన 20 ఏళ్ళ పిల్ల, వారింట అద్దెకుంటున్నది. కిటికీ ఉన్న గదులు ఎన్ని అన్న గడిలో ఒకటే అంకె: 1.

జూట్ మిల్లులో 36 ఏళ్ళు చేసినవాణ్ణి కనుక ఆ గది నాకు కళ్ళకు కట్టింది. మనది గోగునార, వారిది బెంగాలు నుంచి ఓడలలో వచ్చిన నార. అది మెత్తబడడానికి తిమింగలం నూనె, నీళ్ళు పట్టించేవారు. ఆ కంపు మిల్లుకు పోయేవారి బట్టలతో ఇంటికి వచ్చి ఉంటుంది. మగ్గాల హోరులో మాట వినబడక ఆడవాళ్ళు సైగలతో, పెదవుల కదలికతో మాట్లాడుకునేవారు. ఆడవారికి కూలి తక్కువ గనుక మిల్లులు వారినే పెట్టుకునేవి. పని దొరకని మగవాళ్ళు ఇంట్లో పొయ్యి చూసుకునేవారు. అక్కడి 1872 చట్టం 5 నుంచి 13 ఏళ్ళ వారికి చదువు తప్పనిసరి చేసినా, సగం రోజు మిల్లు, సగం రోజు బడి అనే పద్ధతి పోలేదు. తరువాత మిషనరీగా ఆఫ్రికా వెళ్ళిన మేరీ స్లెస్సర్ కూడా 11వ ఏట అలాగే మొదలుపెట్టింది. చదువుకునే ఒంటికి నిద్ర కావాలమ్మా. రాత్రిపూట పని, పగలు పాఠం అంటే రెండూ చెడతాయి. నువ్వు హాస్టలు విడిచి ఎవరితోనో గది తీసుకున్నావని, రాత్రిళ్ళు కొట్టులో పని చేస్తున్నావని పార్వతీపురం పెద్దమ్మ కొడుకు ఒక పెళ్ళిలో అన్నాడు. నేను నమ్మలేదు.

1881 ఏప్రిల్ 3 ఆదివారం రాత్రి ఆ ఇంట్లో ఎవరు పడుకుంటే వారినే రాయాలని అక్కడి నియమం. ఆ అద్దె పిల్ల ఏ గదిలో ఉన్నదో ఐర్లండులో ఆమె తల్లికి తెలుసో లేదో అని నా మనసంతా అటే పోతున్నది.

సరిగ్గా వందేళ్ళకు, 1981లో, మనింటికీ జనాభా లెక్కల మాస్టారు వచ్చాడు. మీ పెదనాన్న కలకత్తా దగ్గర టిటాగఢ్ జూట్ మిల్లుకు పోయి ఎనిమిది నెలలు, ఉత్తరం ముక్క లేదు. మీ నాయనమ్మ అందరికంటే ముందు వాడి పేరే చెప్పింది. ఇంట్లో లేనివాణ్ణి రాయకూడదని మాస్టారు అన్నాడు. ఆవిడ చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది, ఆయన తాగేవరకు నిలబడింది, గూట్లోంచి వాడి కంచం తీసి కొంగుతో తుడిచి ఆయన ముందు పెట్టింది. "ఇది ఇక్కడే ఉంది కదా బాబూ, రాయండి" అంది. మాస్టారు కలం మూత పెట్టి చాలాసేపు కూర్చున్నాడు గాని రాయలేదు. ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. నాకప్పుడు పదిహేనేళ్ళు.

చలికి చెవులు కప్పుకో. సున్నుండలు, కందిపొడి కట్టి ఉంచాం, చిరునామా పూర్తిగా రాయి. నీ గదికి కిటికీ ఉందో లేదో, ఉంటే ఏ వైపుకు తెరుచుకుంటుందో కూడా రాయమని అమ్మ అంటున్నది.

నాన్న