ఎలా తెలిసింది అని అడిగిన ఏడాది: మన సైన్స్ పఠన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయినేడు వార్షిక సమావేశంలో ఒక మాట అనుకున్నాం, గుర్తుండే ఉంటుంది. ఏ సైన్స్ వార్త తీసుకున్నా "ఏం కనిపెట్టారు" దగ్గరే ఆగకుండా "ఆ సంగతి వాళ్ళకి ఎలా తెలిసింది" అని అడుగుదామని. ఈ ఏడాది కలిసినప్పుడల్లా ఆ ప్రశ్ననే పట్టుకుని కూర్చున్నాం. దానివల్ల కొన్ని సమావేశాలు ఒక్క పేరా దాటకుండానే అయిపోయాయి. కొందరికి విసుగనిపించిందని తెలుసు, కార్యదర్శిగా నాకు మాత్రం మన సంఘం పెట్టినప్పటినుంచి ఇంత బాగా చదివిన ఏడాది ఇంకొకటి లేదనిపిస్తోంది. అందుకే కాస్త వివరంగానే రాస్తున్నాను. జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు.

అన్నిటికంటే బాగా నడిచింది కాగితపు ముక్కల సమావేశం. జీనోమ్ అంటే ఒక జీవి డీఎన్‌ఏలో ఉన్న మొత్తం రాత, దాన్ని చదవడం ఏమిటో మొదట కళ్ళతో చూద్దామని ఫై-ఎక్స్ 174 అనే వైరస్ జీనోమ్ మొత్తాన్ని ప్రింట్ తీశాం. ఇది బాక్టీరియాకు సోకే వైరస్, 1977లో ఫ్రెడరిక్ శాంగర్ బృందం దీని జీనోమ్ చదివింది, మొత్తం 5,386 అక్షరాలు. చిన్న అక్షరాల్లో రెండు పేజీలకు సరిపోయింది. డీఎన్‌ఏ అక్షరాలైన ఎ, టి, జి, సి తప్ప ఇంకేమీ లేని ఆ రెండు పేజీలు అందరి చేతుల్లోకీ వెళ్ళాయి. మనిషి జీనోమ్ సుమారు 305 కోట్ల అక్షరాలు, ఇదే సైజులో ప్రింట్ తీస్తే పదకొండు లక్షల పేజీలు దాటుతుంది. అంత పుస్తకాన్ని మొదటినుంచి చివరిదాకా ఒకే ఊపులో చదివే యంత్రం లేదు, ముక్కలు చేసి చదివి, ఒకదాని చివర ఇంకొకదాని మొదలుతో కలుస్తోందా అని చూసుకుంటూ అతికించుకోవాలి.

దాన్ని మనమే చేసి చూశాం. మన సభ్యురాలు ఒకరు పల్లవి, మూడు చరణాలు ఉన్న చిన్న పాట రాసి తెచ్చారు. దాన్ని పది కాపీలు తీసి, ఒక్కో కాపీని ఒక్కోచోట కత్తిరించి, ముక్కలన్నీ కలిపేసి మూడు జట్లకు పంచాం. చరణాలు ఇరవై నిమిషాల్లో దొరికిపోయాయి. పల్లవి దగ్గర మూడు జట్లూ ఆగిపోయాయి. పల్లవి ముక్కలన్నీ ఒకేలా ఉంటే అది పాటలో రెండుసార్లు వచ్చిందో నాలుగుసార్లు వచ్చిందో, ఏ చరణం తర్వాత ఏది వస్తుందో ఎలా తెలుస్తుంది? ఒక జట్టయితే ఒక చరణాన్నే మాయం చేసి, తమ పాట పూర్తయిందని గట్టిగా వాదించింది. అప్పుడు పొడవైన ముక్కల సంచీ ఇచ్చాం, అందులో ఒక్కో ముక్కలో పల్లవి మొత్తం, దానికి ముందు రెండు మాటలు, వెనక రెండు మాటలు ఉన్నాయి. అయిదు నిమిషాల్లో పాట వచ్చేసింది.

2003లో మానవ జీనోమ్ పూర్తయిందని ప్రకటించాక కూడా దాదాపు 8 శాతం ఎందుకు మిగిలిపోయిందో ఆ సంచీతో అర్థమైంది. మిగిలినవి ఎక్కువగా క్రోమోజోమ్‌ల నడుముల్లోనూ, మళ్ళీ మళ్ళీ అదే వరస వచ్చే ఇంకొన్ని చోట్లా ఉన్న పల్లవులే. పొడవైన ముక్కలను ఒకేసారి చదివే యంత్రాలు వచ్చాకే, 2022లో టీ2టీ అనే శాస్త్రవేత్తల బృందం వాటిని పూరించగలిగింది. ఇంకో తెలివైన పని కూడా చేశారు. మామూలు మనిషి కణంలో అమ్మ కాపీ, నాన్న కాపీ రెండూ ఉంటాయి, ముక్కలు కలగాపులగం అవుతాయి. వాళ్ళు ఎంచుకున్న కణాల్లో రెండు కాపీలూ నాన్న వైపునుంచి వచ్చినవే, అచ్చం ఒకేలా ఉంటాయి, అంటే కలపాల్సింది ఒకటే పాట. కానీ ఆ కణాల్లో వై క్రోమోజోమ్ లేదు, అందుకే దాన్ని వేరే కణాలనుంచి తీసి 2023లో పూర్తి చేశారు. అదే ఏడాది 47 మంది జీనోమ్‌లను పక్కపక్కన పెట్టిన తొలి పాన్‌జీనోమ్ కూడా వచ్చింది, దాన్ని ఒకే సమావేశంలో పైపైన చూశాం, మళ్ళీ చదవాలి.

ఎబోలా మీద పెట్టిన సమావేశం గురించి రాయడం నాకు కష్టంగానే ఉంది. 2014లో పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఎబోలా మొదలైన తొలి వారాల్లో 78 మంది రోగుల నమూనాలనుంచి 99 వైరస్ జీనోమ్‌లు చదివారు. అక్షరాలు ఎక్కడెక్కడ మారాయో పోల్చి చూస్తే, రోగం జంతువులనుంచి పదేపదే రావడం లేదు, మనుషుల్లోకి ఒకసారి వచ్చి తర్వాత మనిషినుంచి మనిషికి పాకుతోంది అని తేలింది. అప్పటికి ఆ తేడా చాలా పెద్దది, ఆపాల్సింది ఎక్కడో అది చెబుతుంది. ఆగస్టులో ఆ పరిశోధన అచ్చయ్యేలోపు, రాసినవాళ్ళలో అయిదుగురు ఎబోలాతోనే చనిపోయారు. వాళ్ళలో కెనెమా ఆసుపత్రిలో రోగుల్ని చూసిన డాక్టర్ షేక్ హుమర్ ఖాన్ కూడా ఉన్నారు. ఆ రోజు వ్యాసం చదివి వినిపించిన మాస్టారు రచయితల పేర్ల దగ్గర ఆగి, చనిపోయినవాళ్ళ పేర్లు నెమ్మదిగా చదివారు. మామూలుగా పేర్ల వరసను దాటేసి నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాం, ఇకమీదట అలా చేయకూడదని అక్కడే తీర్మానించుకున్నాం. మరుసటి ఏడాది గినీలో అరచేతిలో పట్టే సీక్వెన్సింగ్ (జీనోమ్ అక్షరాలు చదివే) యంత్రాన్ని మామూలు విమానం లగేజీలో తీసుకెళ్ళి, నమూనా అందిన 24 గంటల్లోపే ఫలితం ఇచ్చారు. యంత్రం ఎంత చిన్నదైనా, ఆ రక్తపు నమూనాను రోగి పక్కన నిలబడి తీసే మనిషి ఒకరు ఉండాలి.

ఒక తప్పు ఒప్పుకోవాలి. మనం మధ్యలో పంపిన ఒక సర్క్యులర్‌లో "మలేరియాను ఆపేసే టీకా వచ్చేసింది" అని రాశాం, అది రాసింది నేనే. అలా రాయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆర్‌టీఎస్‌-ఎస్ టీకాను, 2023లో ఆర్21 టీకాను సిఫారసు చేసింది, అది నిజం. కానీ పెద్ద ట్రయల్‌లో నాలుగు డోసుల ఆర్‌టీఎస్‌-ఎస్ నాలుగేళ్ళలో మలేరియా కేసులను తగ్గించింది 36 శాతం దాకానే. ఆర్21 వానాకాలం ముందు ఇచ్చినచోట తొలి ఏడాది 75 శాతం తగ్గించింది. ఈ అంకెలు చిన్నగా కనిపిస్తే ఇంకొకటి చెప్పాలి: ఘనా, కెన్యా, మలావీలలో 2019నుంచి ఆర్‌టీఎస్‌-ఎస్ ఇస్తూ చూస్తే, టీకా వయసు పిల్లల్లో అన్ని కారణాల మరణాలు కలిపి 13 శాతం తగ్గాయి. "ఆపేస్తుంది" అనే మాట అబద్ధం, "పనికిరాదు" అనేదీ అబద్ధమే. ఈ టీకా ఇంత కష్టమవడానికి కారణం పరాన్నజీవి స్వభావం. దోమ కుట్టాక కాసేపట్లోనే అది కాలేయంలో దూరిపోతుంది, రక్తంలోకి వచ్చాక సుమారు 60 రకాల జన్యువులతో పైచొక్కా మార్చుకుంటూ తిరుగుతుంది. అందుకే ఈ రెండు టీకాలూ అది కాలేయానికి చేరకముందే పట్టుకోవాలని చూస్తాయి. సర్క్యులర్ సరిదిద్ది మళ్ళీ పంపాను, పాతది ఎవరికైనా ఫార్వర్డ్ చేసి ఉంటే దయచేసి కొత్తది కూడా పంపండి.

టీబీ సమావేశానికి ల్యాబ్ టెక్నీషియన్‌గా రిటైరైన మన పెద్దాయన వచ్చి, కళ్ళె పరీక్ష ఎలా చేసేవారో చేతులతో చూపించారు. గాజు పలక మీద పల్చగా పూసి, ఎర్ర రంగు పోసి కిందనుంచి సెగ చూపించి, తర్వాత యాసిడ్‌తో కడిగితే అన్నిటి రంగూ పోతుందట, టీబీ క్రిముల రంగు మాత్రం పోదు, నీలం నేపథ్యంలో సన్నటి ఎర్ర పుల్లల్లా కనిపిస్తాయి. కానీ మిల్లీలీటరులో వేల సంఖ్యలో ఉంటే తప్ప ఆ పుల్లలు కంటపడవు, మందుకు లొంగుతాయో లేదో అసలే తెలియదు. కల్చర్ పెడితే, అంటే క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి చూస్తే, వారాలు పడుతుంది. ఇప్పుడు 2010లో ఆమోదం పొందిన జీన్‌ఎక్స్‌పర్ట్ లాంటి పరీక్ష ఒక జన్యువులో 81 అక్షరాల ముక్కను చూసి, రెండు గంటల్లోపే టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే టీబీ మందు పనిచేస్తుందో లేదో చెప్పేస్తుంది. "ఆ రోజుల్లో ఇది ఉండి ఉంటే" అని ఆయన ఒక మాట అని ఆపేశారు. 2023లో కూడా ప్రపంచంలో 12.5 లక్షల మంది టీబీతో చనిపోయారు, పరీక్ష ఉండటం వేరు, అందరికీ అందడం వేరు.

ఆ 81 అక్షరాలను లక్షల కాపీలు చేసే పీసీఆర్ పద్ధతి వెనక ఒక వేడినీటి బుగ్గ ఉంది. 1966లో థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ అమెరికాలోని ఎల్లోస్టోన్ బుగ్గల్లో 70 డిగ్రీల వేడిలో హాయిగా బతికే బాక్టీరియాను పట్టుకున్నారు. అంత వేడిలో ఎవరుంటారన్న కుతూహలం తప్ప వాళ్ళకు వేరే ఉద్దేశం లేదు. పీసీఆర్‌లో ప్రతి విడతకూ డీఎన్‌ఏను 95 డిగ్రీలకు కాచాలి, మొదట్లో కాపీలు చేసే ఎంజైమ్ ప్రతిసారీ ఉడికిపోయి కొత్తది పోయాల్సి వచ్చేది, ఈ బాక్టీరియా ఎంజైమ్ తట్టుకుంది. నా అభిప్రాయం ఒకటి నిర్మొహమాటంగా రాస్తాను: "దీనివల్ల ఉపయోగం ఏమిటి" అని మొదటి రోజే అడిగే అలవాటు మన చర్చల్లో కూడా ఉంది, తగ్గించుకోవాలి.

బెన్నూ గ్రహశకలం సమావేశం తొందరగా ముగిసింది. 2023లో భూమికి తెచ్చిన 121.6 గ్రాముల మట్టిలో డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల అయిదు అక్షరాలూ దొరికాయని 2025 జనవరిలో ప్రకటించారు. భూమి మీద అంటుకున్న మురికి కాదని ఎలా తెలుసని పదో తరగతి పాప అడిగింది. ఆ మట్టిలో ప్రోటీన్లను కట్టే అమైనో ఆమ్లాలు కూడా ఉన్నాయి, వాటికి ఎడమచేతి, కుడిచేతి రూపాలు ఉంటాయి, భూమి మీది జీవులు దాదాపు ఎడమవే వాడతాయి, బెన్నూలో రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి. ఈ ఏడాది అడిగిన ప్రశ్నల్లో అదే మంచిదని నా ఓటు.

చేయలేకపోయినవి రెండు. సైన్స్ మాటల పట్టిక సగంలో ఆగింది, మ్యుటేషన్‌కు ఉత్పరివర్తనం అనాలా, మ్యుటేషన్ అనే ఉంచాలా అన్న వాదన తేలలేదు. పిల్లలకు చెప్పేటప్పుడు "అక్షరం మారింది" అంటున్నాం, అది వాళ్ళకు చక్కగా ఎక్కుతోంది. రెండోది, యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా మీద సమావేశం చెప్పేవాళ్ళు లేక వాయిదా పడింది. 2019లో నేరుగా 12.7 లక్షల మరణాలకు కారణమైన విషయమిది, ఇంకా వాయిదా వేయడం సరికాదు. అందుకే వచ్చే ఏడాది తొలి సమావేశం దానిమీదే. మాస్టారు, పెద్దాయన కలిసి చెప్పడానికి ఒప్పుకున్నారు. ప్రశ్నలు ముందే రాసి నాకు పంపండి, పిల్లల ప్రశ్నలైతే ఇంకా మంచిది, వాటినే ముందు తీసుకుంటాం.